ఎన్నారై సందేహాలు: అమెరికా వచ్చి మేకలు కాయడమేటి?

తమ్ముడూ, పాలకొండ నుంచి టెక్సాస్ వచ్చి నాలుగు నెలలైందన్నావు, అమ్మాయి తొమ్మిదో క్లాసులో అగ్రికల్చర్ తీసుకుందని, వచ్చే ఏడాది వెల్డింగో యానిమల్ సైన్సో ఏదో ఒకటి ఎంచుకోవాలని, "ఇంత దూరమొచ్చి పేడెత్తడమేటి అన్నా" అని అడిగావు. నవ్వొచ్చింది. 2013లో మా అబ్బాయి స్కూల్లో కోర్సులు ఎంచుకోడానికి సలహా చెప్పే కౌన్సిలర్ ముందు నేనూ అచ్చం ఇదే మాటన్నాను, తెలుగులో అన్నాను కాబట్టి బతికిపోయాను.

మనకి వ్యవసాయం చదువంటే బైపీసీ, ఎంట్రన్సు, ఆ తర్వాత నైర కాలేజీ, పశువైద్యమైతే గరివిడి. మా రోజుల్లో బళ్లో ఎవడూ నేర్పేవాడు కాదు. ఇక్కడ 1917 నుంచే హైస్కూల్లో దీనికి ప్రభుత్వం డబ్బిస్తోంది. క్లాసు ఒక భాగం, ఇంటి దగ్గరో స్కూలు కొట్టంలోనో పిల్ల సొంతంగా చేసే ప్రాజెక్టు ఒకటి, ఎఫ్ఎఫ్ఏ అని వ్యవసాయం చదివే పిల్లల సంఘం ఒకటి. ఆ సంఘం 1928లో పెట్టారు, ఆడపిల్లల్ని 1969లో గానీ రానివ్వలేదు. అడ్వాన్స్‌డ్ యానిమల్ సైన్స్ ఇక్కడ హైస్కూలు పూర్తికి కావాల్సిన సైన్స్ క్రెడిట్ కింద కూడా లెక్కలోకి వస్తుంది, వివరాలు కౌన్సిలర్ని అడుగు.

క్లాసుతో నీ జేబుకి పెద్ద నష్టం లేదు, చిల్లు పడేది జంతువు దగ్గరే. అది చెప్దామనే ఇంత రాస్తున్నా.

మాది చీపురుపల్లి దగ్గర, చిన్నప్పుడు మా నాన్నతో ఆలమండ సంతకెళ్లి పళ్లు చూసి వయసు చెప్పినోణ్ణి, నాకు తెలీని మేకేటి అనుకున్నా. 2014లో మావాడికి 350 డాలర్లు పెట్టి బోయర్ అనే మాంసం జాతి మేకపోతుని కొన్నాను, విత్తులు తీసేసినది, పిల్లలు జంతువుల్ని పోటీకి పెట్టే షోకి అవే పెంచుతారు. అంతకుముందు ఏడాది కౌంటీ (మన జిల్లా లాంటిది) షో వేలంలో ఒక అమ్మాయి పెంచిన మేకకి ఊళ్లో షాపులవాళ్లు వేలకి వేలు పాడుతుంటే చూసొచ్చి, మా ఇంటావిడ ముందు లెక్కలేసి, కారు డౌన్ పేమెంటు అయిపోయిందని కూడా చెప్పేశాను.

తొందరగా బరువెక్కాలని మావాడు స్కూల్నుంచి తెచ్చిన దాణా చీటీ పక్కనపడేసి గింజ మీద గింజ పెట్టాను. ఓ రోజు పొద్దున్న మేక వీపు వంచి ముక్కుతోంది, ఒక్క చుక్క పడట్లేదు. విత్తులు తీసిన పోతుకి గింజ ఎక్కువైతే ఫాస్ఫరస్ పెరిగిపోయి మూత్రనాళంలో రాళ్లు కడతాయట, దాణాలో కాల్షియం దానికి రెండింతలుండాలట. ఆ చీటీలో ఉందది! డాక్టరు బిల్లు 540. ఫోన్లో నాన్నకి చెప్తే "ఏట్రా, మేకకి ఆకు కదా ఎయ్యాల, గింజలేట్రా" అన్నాడు. ఏ కాలేజీకీ వెళ్లని మనిషి.

మేక బతికింది గానీ షోలో వెనక వరసలో నిలబడింది. నాకు అప్పటిదాకా తెలీని సంగతేటంటే పై స్థానాల్లో వచ్చినవాటికే ఆ వేలం, మిగతావి మామూలు మార్కెట్ ధరే. దాణా 430, బొచ్చు కత్తిరించే మిషను, ఎంట్రీ ఫీజు అవీ కలిపి 180, మొత్తం 1500 పెడితే చేతికొచ్చింది 200. అప్పటి రేటుకి 1300 డాలర్లంటే 78,000 రూపాయలు తమ్ముడూ, ఇంటికి పంపుంటే బోరు పడేది. పైగా అమ్మినవి కబేళాకే వెళ్తాయి, మావాడు దానికి పేరు పెట్టుకున్నాడు, రెండ్రోజులు అన్నం తిన్లేదు. కోడిని కోసుకు తినే ఇల్లే మాది, అయినా అది వేరు. దూడ జోలికి మాత్రం అసలు పోకు, ఖర్చు ఇంకా ఎక్కువ, ఊళ్లో అమ్మకి ఏం చెప్తావు?

అందుకని పిల్లని ముందు అగ్రికల్చర్ మెకానిక్స్‌లో చేర్పించు. వెల్డింగు, చిన్న ఇంజన్లు, వైరింగు, మిషను స్కూల్ది, ఇనుము స్కూల్ది. అక్కడా కక్కుర్తిపడ్డాన్లే, సేల్లో తొమ్మిది డాలర్ల పాలిస్టర్ జాకెట్ కొన్నా, నిప్పురవ్వ పడితే కరిగి మోచేతికి అంటుకుంది, మచ్చ ఇప్పటికీ ఉంది. ముతక కాటన్ చొక్కా, తోలు గ్లవ్స్, తోలు బూట్లు, వీటి దగ్గర బేరమాడకు. మావాడు నెల తిరక్కుండా 7018 అనే వెల్డింగ్ రాడ్ అంటే ఏటో నాకే పాఠం చెప్పాడు, 70 అంటే చదరపు అంగుళానికి 70,000 పౌండ్లు లాగినా తట్టుకుంటుందట, తేమ తగిలితే పనికిరాదట, అందుకే పొయ్యిలో వెచ్చగా పెడతారట. వాడు చేసిన బార్బెక్యూ పొయ్యి మీదే ఇప్పుడు చేపలు కాలుస్తాం.

మీరు వీసా మీదున్నారు కదా, పిల్ల జీతానికి పని చెయ్యడం, అమ్మిన డబ్బు తీసుకోవడం ఇవన్నీ లాయర్ని అడిగే చెయ్యి. మేక కావాలని మరీ ఏడిస్తే రెండో ఏడాది చూద్దువు, కానీ పైసా పైసా పిల్లచేతే రాయించు. ఆ ప్రాజెక్టుకి లెక్కల రికార్డు బుక్కు తప్పనిసరి. మావాడి బుక్కులో "నాన్నకి బాకీ 1300" అని ఉంది, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, ఇంకా తీర్చలేదు.