చియా గింజలు రోజూ తినవచ్చా? సబ్జా గింజలూ ఇవీ ఒకటేనా?

రెండూ తులసి కుటుంబానికే చెందినా, మొక్కలు వేరు. చియా మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల పంట. మెక్సికోలో పూర్వం ఉన్న ఆజ్టెక్ ప్రజలకు అది ముఖ్యమైన ఆహారం. అరచేతిలో పోసుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది: సబ్జా గింజలు ఒకే తీరున నల్లగా ఉంటాయి, చియా గింజలు బూడిద రంగు మీద మచ్చలతో, మధ్యమధ్య తెల్ల గింజలతో ఉంటాయి. సబ్జా నీళ్లలో వేసిన కొద్ది నిమిషాల్లోనే ఉబ్బుతుంది, చియాకు ఇంకాస్త సమయం పడుతుంది.

అమలాపురం దగ్గర మా ఇంట్లో, మధుమేహం ఉన్న నాన్నగారి కోసం చియా గింజలు వాడుతున్నాము. రెండు పూటలా తెల్లన్నం తినే మా కోనసీమ వారికి తక్కువయ్యేది పీచు పదార్థమే కాబట్టి, నా దృష్టిలో చియా వల్ల కలిగే అసలు మేలు అదే. వంద గ్రాముల గింజల్లో సుమారు 34 గ్రాముల పీచు ఉంటుంది. అంటే పెద్ద చెంచాడు, దాదాపు 12 గ్రాములు తీసుకుంటే నాలుగు గ్రాములు అందుతుంది. నాన్నగారికి మలబద్ధకం బాగా తగ్గింది. షుగర్ కూడా వీటివల్లే అదుపులో ఉందని మాత్రం నేను చెప్పను, ఎందుకంటే ఆయన మందులూ, ఏటిగట్టు మీద నడకా మానలేదు.

ఒమేగా-3 అనే మేలైన కొవ్వు కోసమే చియా కొనాలనుకుంటే ఒకసారి ఆలోచించండి. చియాలో ఉండే రకాన్ని మన శరీరం చేపల్లో దొరికే రకంగా మార్చుకోగలిగేది చాలా కొద్దిగా మాత్రమే. కవళ్లు, కానాగంతలు వండుకునే ఇంటికి ఆ లోటు ఉండదు. శాకాహారులకు అవిసె గింజలు చవకగా అంతకంటే ఎక్కువే ఇస్తాయి, కాకపోతే వాటిని పొడి చేసుకోవాలి. కాల్షియం సంగతీ అంతే: పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెబుతుండగా, పెద్ద చెంచాడు చియాలో వచ్చేది 75 మాత్రమే. కనుక పెరుగు, రాగి జావ, నువ్వులుండ మానవద్దు.

మేము రాత్రిపూట గ్లాసుడు నీళ్లలో చెంచాడు గింజలు వేసి కలిపి, అయిదు నిమిషాలాగి మళ్లీ కలుపుతాము. ఆ రెండోసారి కలపకపోతే గింజలన్నీ అడుగున ముద్ద కట్టి, లోపలివి పొడిగానే ఉండిపోతాయి. పొద్దున దాన్ని పల్చటి మజ్జిగలో, ఉప్పు వేసి ఇస్తాము. కొబ్బరి నీళ్లలోనూ బాగుంటుంది గానీ, షుగర్ ఉన్నవారు వాటిలోని తీపిని లెక్కలో వేసుకోవాలి.

పొడి గింజలను నోట్లో వేసుకుని నీళ్లు తాగడం ప్రమాదకరం. అవి బరువుకు పదింతల దాకా నీరు పీల్చుకుంటాయి కాబట్టి గొంతులోనో, అన్నవాహికలోనో ఉబ్బి అడ్డుపడవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారు చిన్న చెంచాతో ఆరంభించి, రోజంతా నీళ్లు బాగా తాగాలి, లేకపోతే కడుపుబ్బరం తప్పదు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ముందుగా తమ వైద్యుణ్ణి అడగండి.