దస్తీతో తీసిన కత్తి

హన్మకొండ

చెల్లె,

నీ కథ రెండుసార్లు చదివిన. నర్సంపేట దిక్కు మిరప కల్లం, ఎండబోసిన కాయల నడుమ శవం. చోటు మంచిగ పట్టినవు. మూడో పేజీ కాడ మాత్రం ఆగిపోయిన. సీఐ జీపు దిగి, గుంపును నెట్టుకుంట వచ్చి, జేబులోంచి దస్తీ తీసి దాంతో కత్తి ఎత్తుతడు. చదివేటోళ్లకు ఆయన మస్తు జాగ్రత్త మనిషి అనిపిస్తడు. కానీ ఆ దస్తీ రాపిడికి పిడిమీది ముద్రలు చెరిగిపోతయి, దస్తీకున్న ఆయన చెమట పిడికి అంటుతది. రేపు డీఎన్ఏ రిపోర్టులో సీఐ తేలినా తేలుతడు. గ్లౌజు చేత్తో, మామూలుగ ఎవరూ పట్టని అంచుల కాడ పట్టి ఎత్తాలె. అట్టడబ్బాలో దారంతో కదలకుండ కట్టాలె. పిడి గరుకు కట్టెదైతే వేలిముద్ర దొరుకుడే కష్టం, అది కూడ యాదికుంచుకో.

అసలు నీ కథకు కావల్సిన మనిషి సీఐ కాదు, ఆయనకంటె ముందొచ్చిన కానిస్టేబుల్. ప్రాణం ఉందా లేదా చూసుడు ఆయన మొదటి పని. ఆ తర్వాత చోటు చుట్టూ తాడు కట్టుడు, లోపలికి బయటికి ఒక్కటే దారి పెట్టుడు, ఎవరు ఎన్నింటికి లోపలికి పోయిండ్రో రాసుకునుడు. ఊర్లల్ల సాక్ష్యం చెడేది హంతకుని తెలివితోని కాదు, మన మంచితనంతోని. నీ కథల ముసలమ్మ ఇంట్లకెళ్లి దుప్పటి తెచ్చి శవం మీద కప్పుతది చూడు, ఆ ఇంటోళ్ల వెంట్రుకలు, నూలుపోగులు అన్నీ శవం మీదికి చేరినట్టే. ఆ సన్నివేశం తీసెయ్యకు. దాన్నే కేసుకు ముడి చెయ్యి.

ఏదీ ముట్టకముందు ఫొటోలు, వీడియో. నాలుగు మూలల నుంచి మొత్తం కల్లం, తర్వాత కొంచెం దగ్గరగ, ఆఖరుకు ఒక్కొక్క వస్తువు. దగ్గరి ఫొటో రెండుసార్లు తీస్తరు, ఒకటి స్కేలు లేకుండ, ఒకటి స్కేలు పెట్టి. స్కెచ్‌లో శవం ఎక్కడుందో రెండు కదలని గుర్తుల నుంచి టేపుతో కొలుస్తరు. నువ్వు మిరపకాయల కుప్ప నుంచి కొలిపించినవు! వారం తిరగక ముందే ఆ కుప్ప బస్తాలకెక్కి ఏనుమాముల మార్కెట్ల ఉంటది. కరెంటు స్తంభం, బాయి గట్టు ఉండంగ కుప్ప ఎందుకు?

తడి మట్టిల చెప్పుల ముద్ర పెట్టినవు, బాగుంది. కెమెరా సరిగ్గ పైనుంచి, టార్చి పక్కనుంచి నేలబారున పెట్టి ఫొటో తీసినంకనే అచ్చు పోస్తరు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కంటె డెంటల్ స్టోన్, అంటే పండ్ల డాక్టర్లు అచ్చులకు వాడే పొడి, గట్టిగ ఉంటది. సుమారు 900 గ్రాముల పొడికి 300 నుంచి 350 మిల్లీలీటర్ల నీళ్లు. ముద్ర మీద నేరుగ పోస్తే గీతలు చెదిరిపోతయి. పక్కన పోసి, మెల్లగ పారనియ్యాలె. అరగంట ఆగి ఎత్తుతరు. అంటిన మట్టిని అప్పుడే కడుగరు, అచ్చు పూర్తిగ ఆరేదాక ఒకటి రెండు రోజులు ఆగుతరు.

ఇగ ఎర్ర మిరప మీద ఎర్ర రక్తం. నీ కథల గొప్ప సంగతి ఇదే, నువ్వేమో రెండు వాక్యాలల్ల దాటేసినవు. కంటికి ఆనదు. క్లూస్ టీం రక్తం పసిగట్టే ఫినాఫ్తలీన్ మందు చుక్క, దాని తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే గులాబీ రంగు వస్తది, అయినా అది ‘రక్తం కావచ్చు’ అనేదాకనే. మొక్కలల్ల ఉండే కొన్ని ఎంజైములు కూడ అదే రంగు చూపిస్తయి. మిరప కల్లంల ఆ మోసం ఎంత సులువో ఆలోచించు. ‘ఇది మనిషి రక్తమే’ అని అక్కడికక్కడ అనిపించకు, ఆ మాట ల్యాబే చెప్పాలె. ఎండిన మరకను డిస్టిల్డ్ వాటర్‌తో కొంచెం తడిపిన స్టెరైల్ దూదిపుల్లతో తీస్తరు. పక్కన మరకలేని చోట ఇంకో పుల్ల రుద్ది పోలికకు పెడుతరు. రెండింటినీ నీడకు ఆరబెట్టి, వేర్వేరు కాగితం కవర్లల్ల పెడుతరు. తడి గుడ్డను పాలిథిన్ కవర్ల మూస్తే బూజు పట్టి డీఎన్ఏ పాడైతది. నీ కేసు కోర్టుల ఓడిపోవాలంటే హంతకునికి మేధస్సు అక్కరలేదు, ఆ పాలిథిన్ కవరు చాలు.

శవాన్ని దవాఖానకు తీసే ముందు రెండు చేతులకు కాగితం సంచులు తొడిగి మణికట్టు కాడ కట్టించు, గోర్లల్ల ఏమున్నదో పోకుండ. జాగిలం సంగతి పొడుగు చెయ్యకు. మిరప ఘాటుకు అది తడబడ్డా వింత లేదు, సరిగ్గ పోయినా దాని మీదనే శిక్ష నిలువదు.

కథ ఏ సంవత్సరంల జరుగుతదో తేల్చుకో. 2024 జూలై 1 తర్వాతైతే శవ పంచనామా భారతీయ నాగరిక సురక్షా సంహిత 194 కింద, అంతకుముందైతే పాత చట్టం సీఆర్‌పీసీ 174 కింద. కొత్త చట్టం 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తియ్యాలె. నీ సీఐ మాత్రం పంచుల, అంటే అక్కడ సాక్షులుగ నిలబడ్డోళ్ల సంతకాలు మరునాడు స్టేషన్ల పెట్టించుకుంటడు. డిఫెన్స్ వకీలు పట్టుకునేది దాన్నే. కవరు మీది సీలు, ల్యాబుకు పంపిన నమూనా సీలు కలువకపోయినా అంతే సంగతి.

మల్ల రాసేటప్పుడు ఆ కానిస్టేబుల్‌కు ఒక పేరు పెట్టు, చేతికి రిజిస్టర్ ఇయ్యి. సీఐ వచ్చి తాడు ఎత్తబోతే, ‘సార్, టైము రాసి సంతకం పెట్టుండ్రి’ అని ఆ కానిస్టేబుల్‌తోని అనిపించు. అప్పుడు సీఐ మొకం ఎట్లుంటదో రాసి పంపు.

నీ అన్న