తిండి లెక్కల యాప్‌కి మీ కాంటాక్ట్స్‌తో పనేంటి?

ప్రశ్న: నాకు టైప్ 2 డయాబెటిస్. రెండు నెలలుగా తిన్నదంతా ఫోన్ యాప్‌లో ఎక్కిస్తున్నాను. ఒకే పదార్థానికి రకరకాల కార్బ్స్ (పిండి పదార్థాల) అంకెలు చూపిస్తోంది. పోయిన వారం అప్‌డేట్ అయ్యాక లొకేషన్, కాంటాక్ట్స్ కూడా అడుగుతోంది. పర్మిషన్ ఇవ్వాలా, యాప్ తీసేయాలా?

జవాబు: ఇవ్వకండి. ఇవ్వకపోతే తెరుచుకోనని మొరాయిస్తే అప్పుడు తీసేయండి. ఇదే ప్రశ్న ఈ మధ్య పదేపదే వస్తోంది, వచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. మీరు గిన్నెలో ఏం వేసుకున్నారో రాసుకోవడానికి మీ బంధువుల ఫోన్ నంబర్లు ఎందుకు? ఫోటో తీసుకోవాలంటే కెమెరా, అది కూడా తీసేటప్పుడు మాత్రమే. అంతకు మించి అవసరం లేదు.

ముందు అంకెల సంగతి. ఈ యాప్‌ల జాబితాల్లో చాలా ఎంట్రీలు మనలాంటి వాడకందార్లు ఎక్కించినవే, పొడిగా తూచారా ఉడికాక తూచారా అన్నది సగం మంది రాయరు. ఓట్స్‌నే తీసుకోండి. పొడివైతే 100 గ్రాముల్లో దాదాపు 66 గ్రాముల కార్బ్స్, నీళ్లలో ఉడికించాక అదే 100 గ్రాముల్లో 12. మీరు 240 గ్రాముల ఉడికిన ఓట్స్ తిని పొరపాటున పొడి ఓట్స్ ఎంట్రీ నొక్కారనుకోండి, 30 లోపు ఉండాల్సింది 160 దగ్గర కనిపిస్తుంది. మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్లకి అది లెక్క తప్పు, అంతే. ఆ అంకె చూసి ఇన్సులిన్ యూనిట్లు వేసుకునేవాళ్లకి మాత్రం షుగర్ ప్రమాదకరంగా పడిపోయే పరిస్థితి. ఇంత తేడా వస్తున్నా ఒక్క హెచ్చరిక కూడా చూపించని యాప్‌ని తయారుచేసినవాళ్లు దీన్ని డయాబెటిస్ ఉన్నవాళ్లు వాడతారని ఒక్కసారైనా ఆలోచించారా అనిపిస్తుంది. రోజూ తినే పది పదిహేను పదార్థాలను ప్యాకెట్ మీది అంకెలతో మీరే ఎక్కించి సేవ్ చేసుకోండి. ఫోటో చూసి కార్బ్స్ చెప్పేస్తాననే ఫీచర్‌ని నమ్మి డోసు వేసుకోవద్దు, గిన్నె లోతు ఎంతో, అందులో చక్కెర ఎంత కలిసిందో ఫోటోకి తెలియదు.

నన్ను అసలు భయపెట్టేది వేరే ఉంది. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, షుగర్ ఎంత వచ్చింది, ఏ మందు ఎంత వేసుకున్నారు... ఇవన్నీ ఒకచోట చేరితే అది మీ కేస్ షీటే. దాన్ని మనం ఈమెయిల్‌కి వాడే పాత పాస్‌వర్డ్‌తోనే తాళం వేసి ఎవరిదో సర్వర్లో పెడుతున్నాం. 2018లో బాగా పేరున్న ఒక తిండి లెక్కల యాప్ నుంచి సుమారు 15 కోట్ల ఖాతాల యూజర్ నేమ్‌లు, ఈమెయిళ్లు, హ్యాష్ చేసిన (అంటే చదవడానికి వీల్లేని అక్షరాలుగా మార్చిన) పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి. హ్యాష్ చేశారు కదా అని ధీమాగా ఉండొద్దు, అందులో కొన్ని ఎప్పుడో బలహీనమని తేలిన పాత పద్ధతిలో చేసినవి. అలా దొరికిన పాస్‌వర్డ్‌ని దొంగలు ముందుగా ప్రయత్నించేది మీ ఈమెయిల్ మీదే.

ఇంకో మాట, అప్‌డేట్ల గురించి. మన వివరాలన్నీ ఫైల్‌గా బయటికి తీసుకునే ఎక్స్‌పోర్ట్ బటన్‌ని నిన్నటిదాకా ఉచితంగా ఇచ్చి, ఇప్పుడు అప్‌డేట్ పేరుతో డబ్బు కట్టినవాళ్లకే పరిమితం చేయడం ఎక్కువైపోయింది. నెలల తరబడి మీరు కూర్చుని టైప్ చేసిన వివరాలు అవి! డాక్టర్‌కి చూపించాలంటే మళ్లీ డబ్బు కట్టాలా? అందుకే ఏ యాప్ అయినా మొదటి రోజే ఎక్స్‌పోర్ట్ ఉందో లేదో చూడండి, ఉంటే నెలకోసారి ఫైల్ తీసి దాచుకోండి.

తీసేయాలని నిర్ణయించుకుంటే ఐకాన్ నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకోవద్దు, డేటా సర్వర్లోనే ఉండిపోతుంది. ముందు ఎక్స్‌పోర్ట్, తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్ డిలీట్, ఫోన్‌లోని హెల్త్ డేటా సెట్టింగ్స్‌లో దానికిచ్చిన అనుమతులు రద్దు, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడి ఉంటే ఈ రోజే మార్చేయండి, ఈమెయిల్‌తో మొదలుపెట్టి.