స్పూన్ జారితే తీసి కడుక్కో

అమ్మడూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "చేతిలోంచి స్పూన్ జారింది అత్తా, మొదలైందేమో." నీ వయసులోనే నేనూ పాలగిన్నె జారవిడిచి వంటింట్లో కూలబడి ఏడ్చాను. మసిగుడ్డ లేకుండా కాగే గిన్నె పట్టుకున్నానన్న సంగతి సాయంత్రానికిగానీ గుర్తు రాలేదు.

మీ నాయనమ్మ చేతులు ఊగితే గాలి సోకిందన్నారు, తూలితే తాగిందన్నారు. అది కన్నవాళ్ల నుంచి పిల్లలకొచ్చే మెదడు జబ్బనీ, పేరు హంటింగ్టన్స్ అనీ ఆవిడ పోయాకగానీ మా చెవిన పడలేదు. ఇప్పుడు మీ నాన్నకు వచ్చింది కాబట్టి నీకూ తమ్ముడికీ సగానికి సగం అవకాశం. అంటే ఇద్దరిలో ఒకరికి అని కాదు, ఎవరి బొమ్మాబొరుసు వాళ్లదే. "పిల్లాడిది అచ్చం నాన్న పోలిక, వాడికే వస్తుంది" అని మీ అమ్మ అంటే నమ్మకు. ముక్కుకీ ఈ జబ్బుకీ సంబంధం లేదు.

నన్ను ఎక్కువ తినేసింది జబ్బు కాదు, నా మీద నేనే పెట్టుకున్న నిఘా. పేరు మర్చిపోతే అదే, కోపమొస్తే అదే. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏడాదికోసారి న్యూరాలజిస్టు చూస్తారు, చూడటం ఆయన పని. మిగతా రోజుల్లో స్పూన్ జారితే తీసి కడుక్కోవడమే. రెండేళ్లు పట్టింది అలవాటవడానికి.

ఇక టెస్టు. 1993లో ఆ జన్యువు దొరికినప్పటి నుంచి రక్తపరీక్షతోనే తెలుస్తుంది. ఆ జన్యువులో సీఏజీ అనే ముక్క వరసగా 40 సార్లు, ఆపైన ఉంటే జబ్బు తప్పదు. 36 నుంచి 39 మధ్యయితే రావచ్చు, రాకపోనూవచ్చు. ఏ రోజు మొదలవుతుందో మాత్రం ఆ అంకె చెప్పదు. నయం చేసే మందు లేనప్పుడు తెలుసుకోను అనేవాళ్లే ఎక్కువ, అది పిరికితనం కాదు. చేయించుకుంటానంటే ముందు జెనెటిక్ కౌన్సెలింగుకి వెళ్లు. తోడుగా స్నేహితురాలిని తీసుకెళ్లు, తమ్ముణ్ణి వద్దు. నీ రిజల్టు వింటూ వాడు తనది ఊహించుకుంటాడు. రక్తం ఇచ్చాక కూడా వద్దనొచ్చు. నేను కౌన్సెలర్ గది తలుపు దాకా వెళ్లి, ఆటో ఎక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లింది నాలుగేళ్లకు.

నా అంకె 19 వచ్చింది. గండం గడిచిందని అందరూ స్వీట్లు తెచ్చారు. నేను మూడు నెలలు మీ ఇంటి గడప తొక్కలేదు. మీ నాన్న ముఖం చూడలేక. ఈ సంగతి ఆయనతో ఇప్పటికీ చెప్పలేదు. మంచి రిజల్టు వచ్చినా మనసు ఇలా తిరగబడుతుందని నాకెవరూ ముందే చెప్పలేదు, అందుకే నీకు చెబుతున్నా.

సంబంధం మాట వస్తే అబ్బాయికి నువ్వే చెప్పు, ముహూర్తాలు పెట్టకముందే. మీ అమ్మ వద్దంటుంది. ఆవిడతో నేను మాట్లాడతాను.

ఆదివారం వస్తున్నా, సున్నుండలు తెస్తాను. ఈ జబ్బులో ఎంత తిన్నా ఒళ్లు తగ్గిపోతుంది. పొడిగా పెడితే మీ నాన్నకు పొలమారుతుంది, పాలల్లో మెత్తగా కలుపుదాం.

మీ అత్త