రోకలిబండలు ఇంట్లో బతకాలన్నా, పిల్లలు పెట్టాలన్నా మట్టే ముఖ్యం

తొలకరికి మీ అబ్బాయి పొలం గట్టు మీద నుంచి నాలుగు రోకలిబండలు (సహస్రపాదులు) పట్టుకొచ్చాడనీ, డబ్బాలో కొబ్బరిపీచు పొడి పరచి దోసకాయ ముక్కలు వేస్తుంటే పది రోజులకే ఒకటి చనిపోయిందనీ, మిగిలినవాటిని బతికించుకొని పిల్లలు పెట్టించడం సాధ్యమేనా అనీ అడిగారు. సాధ్యమే. కడపలో మా ఇంట్లో 6 ఏళ్ళుగా వీటిని పెంచుతున్నాను, ఇప్పుడున్నవాటిలో ఎక్కువ భాగం మా పెట్టెలోనే పుట్టాయి. మీరు రాసినదాన్ని బట్టి లోపం మట్టిలో ఉందనిపిస్తోంది.

రోకలిబండకు మట్టే ఇల్లు, మట్టే తిండి, పురిటిగది కూడా అదే. తోటలో అది తినేది చివికిన ఆకు, పుచ్చిపోయి మెత్తబడిన కట్టె. దోసకాయ పైపై తిండి మాత్రమే, కొబ్బరిపీచులో ఒంటికి పట్టేది దాదాపు ఏమీ లేదు. నేను సగం చివికిన ఆకు, పావు వంతు చేత్తో నలిపితే పొడి అయ్యే పుచ్చుకొమ్మలు, పావు వంతు ఎర్రమట్టి కలుపుతాను. ఆకుల్లో బాదం, మామిడి, రావి మాకు బాగా పనికొచ్చాయి. వేప, కానుగ, నీలగిరి ఆకులు వేయకండి. పురుగును దూరం పెట్టే గుణం ఉందనే కదా మన పెద్దవాళ్ళు గింజల్లో వేపాకు కలిపి దాచేది! పత్తి, మిరప చేల గట్ల మీది ఆకు ఎంత బాగా మాగినా మందు పడి ఉంటుంది కాబట్టి తేవద్దు. ఈ మట్టి జానెడు లోతు ఉండాలి, ఏ రకమైనా దాని ఒంటి పొడవుకు మాత్రం తగ్గకూడదు.

పైపెంకు గట్టిపడటానికి వీటికి సున్నం కావాలి. గుడ్డు పెంకులు ఎండబెట్టి, నూరి, నెలకొకసారి పైన చల్లుతాను. మన నాపరాయి కూడా సున్నపురాయే కాబట్టి పాలిష్ పట్టని పలక ఒకటి పెట్టెలో వేశాను. పగలంతా దాని కింద చల్లగా చేరి ఉంటాయి.

తేమ సంగతి మన సీమలో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. చాలా పురుగులకు ఒంటి మీద మైనపు పూతలాంటిది ఉండి నీటిని ఆపుతుంది, రోకలిబండలకు ఆ రక్షణ బాగా తక్కువ. మొదటి ఏడాది మేడ మీద గదిలో పెట్టె ఉంచి, ఎండలు 40 డిగ్రీలు దాటిన వారంలో 3 పెద్దవాటిని పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఎండ తగలని గదిలో, బండల నేల మీద, చుట్టూ తడి గోనెపట్టా కప్పి ఉంచుతున్నాను. మట్టిని పిడికిట పట్టి పిసికితే ముద్ద కావాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు మాత్రం కారకూడదు. పెట్టెలో ఒక పక్క ఎక్కువ తడి, ఇంకో పక్క తక్కువ తడి ఉంచితే తమకు కావలసిన చోటు అవే వెతుక్కుంటాయి.

ఆడ, మగ గుర్తుపట్టడానికి వాటిని చేతిలోకి తీసుకొని విప్పదీయవలసిన పని లేదు. రాత్రి గాజు గోడ ఎక్కుతున్నప్పుడు టార్చి వేసి పొట్ట వైపు చూడండి. తల నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే, ఎదిగిన మగదానికి ఏడో కణుపు దగ్గర కాళ్ళ వరుస తెగిపోయి, దువ్వెనలో పళ్ళు విరిగినట్టుగా చిన్న ఖాళీ కనబడుతుంది. అక్కడి కాళ్ళే జతకట్టే అవయవాలుగా మారి లోపలికి ముడుచుకొని ఉంటాయి. ఆడదానికి ఆ వరుస తెగదు.

జతకట్టాక ఆడది లోతుకు దిగి, ఒక్కొక్క గుడ్డును మట్టి ఉండలో దాచి పెడుతుంది. అక్కడి నుంచి మీరు చేయవలసింది తడి ఆరకుండా చూడటం, తవ్వకుండా ఉండటం. రెండో ఏడాది నేను ఓపిక పట్టలేక, పిల్లలు ఎన్ని ఉన్నాయో చూద్దామని పెట్టెను పళ్ళెంలోకి వంచాను. గోళీకాయంత మట్టి గుల్లలు నాలుగైదు పగిలాయి, ఒక్కొక్క దానిలో మీగడ రంగులో, ముట్టుకుంటే నలిగేంత మెత్తగా ఒక్కో రోకలిబండ చుట్టుకొని ఉంది. అవి కుబుసం విడుస్తున్నాయి. పైపెంకు గట్టిపడేదాకా అవి నడవలేవు, తమను తాము కాపాడుకోలేవు. తిరిగి మట్టి కప్పాను కానీ ఒక్కటీ బతకలేదు, ఆ తప్పు పూర్తిగా నాది. ఇప్పుడు ఏదైనా నెలల తరబడి కనిపించకపోయినా నేను మట్టి కదపను.

గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మూడు జతల కాళ్ళే ఉంటాయి, కుబుసం విడిచిన కొద్దీ కణుపులూ కాళ్ళూ పెరుగుతాయి. పాఠాల్లో సహస్రపాది అంటాము గానీ, నిజంగా వెయ్యి దాటిన కాళ్ళున్న జాతిని శాస్త్రవేత్తలు ప్రకటించింది 2021లోనే. పశ్చిమ ఆస్ట్రేలియాలో భూగర్భంలో దొరికిన దానికి 1,306 కాళ్ళు ఉన్నాయి. మా పెట్టెలో పెద్దవి జతకట్టిన మూడో నెలలో, పుచ్చుకట్టె ముక్కను ఎత్తినప్పుడు, మొదటి పిల్లలు తెల్లటి దారపు తునకల్లా కనిపించాయి. మీరు కూడా పైనున్న ఆకును, కట్టెను మాత్రమే రాత్రిపూట ఎత్తి చూడండి.

మీ అబ్బాయికి రెండు మాటలు చెప్పండి. బెదిరితే ఇవి పక్కల నుంచి వదిలే రసం వేళ్ళకు గోధుమరంగు మరక చేస్తుంది, కంట్లో పడితే బాగా మండుతుంది. బల్లపరుపు రకాల్లో చాలావాటి రసంలో సైనైడ్ విషం కూడా ఉంటుంది. అందుకని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రెండోది, జెర్రిని రోకలిబండ అనుకొని పట్టుకోకూడదు. జెర్రి కణుపుకు ఒక్క జత కాళ్ళతో, చదునైన ఒళ్ళుతో వేగంగా పరుగెత్తుతుంది, విషంతో కరుస్తుంది.

ముందు ఆ మూడింటికీ మట్టి మార్చి, వాటిలో మగ, ఆడ రెండూ ఉన్నాయేమో చూడండి. లేకపోతే అక్టోబరు, నవంబరు వానలకు అదే గట్టు మీద మళ్ళీ కనిపిస్తాయి, అదే రకంలో ఒకటి రెండు మాత్రం తెచ్చుకోండి. లంకమల అభయారణ్యం నుంచి మాత్రం తేవద్దు, అనుమతి లేకుండా అక్కడి జీవాన్ని దేన్నైనా తీసుకురావడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.