చేనుకు కరెంటు తీగ లాగితే తప్పా?

ప్రశ్న: నేను బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేస్తున్నాను. పలమనేరు దగ్గర మా ఊళ్లో నాన్న వరి, టమాటా వేశారు. అందులో ఒక ఎకరం చిన్నాన్నది, కౌలుకు చేస్తున్నాం. పోయిన నెల రెండుసార్లు ఏనుగులు దిగి తొక్కేశాయి. మోటారు స్టార్టర్ నుంచి తీగ లాగి చేను చుట్టూ కడతానంటున్నారు నాన్న. మన పంట మనం కాపాడుకుంటే తప్పేంటి? నష్టపరిహారం వస్తుందా?

జవాబు: తప్పే. ఈ రాత్రే ఫోన్ చేసి వద్దని చెప్పండి, ఇప్పటికే కట్టి ఉంటే పీకించేయండి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పైన 25 వేలకు తగ్గని జరిమానా. చచ్చిపోకపోయినా, చంపబోయినా చట్టం దృష్టిలో వేటే. పైగా ఆ కనెక్షన్ ఇచ్చింది మోటారుకు, కంచెకు కాదు కాబట్టి కరెంటు చౌర్యం కేసు విడిగా పడుతుంది. ఆత్మరక్షణ అంటారేమో, వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 ఆ వెసులుబాటు ఇచ్చేది మనిషి ప్రాణానికే, టమాటాకు కాదు.

అసలు నా భయం ఏనుగు గురించి కూడా కాదు. రాత్రి రెండింటికి మోటారుకు త్రీఫేజ్ కరెంటు వచ్చిందని చీకట్లో చేనుకు పరుగెత్తేది ఎవరు? మీ నాన్నగారే, లేదా నీళ్లు మళ్లించుకోడానికి వచ్చిన పక్క చేను ఆయన. ఇంటి మరుగుదొడ్డికి ఎవరూ రాకుండా కరెంటు తీగ కట్టిన బీహార్ మనిషి కేసులో పొరుగింటి ఆవిడ చనిపోతే, నా ఆస్తి కాపాడుకున్నాను అన్న వాదనను సుప్రీంకోర్టు 1963లోనే కొట్టేసింది.

సోలార్ కంచె వేరు. బ్యాటరీ మీద నడిచే ఎనర్జైజర్ క్షణకాలం షాక్ కొట్టి వదిలేస్తుంది, ఏనుగు బెదురుతుంది గానీ చావదు. తీగకు గడ్డి తగిలితే షాక్ తగ్గిపోతుంది కాబట్టి కింద ఎప్పటికప్పుడు కోయాలి, బద్ధకించి దానికే మెయిన్ కరెంటు కలిపారా, మళ్లీ మొదటి కేసే.

ఇక డబ్బు. పరిహారం వస్తుంది, కానీ తెల్లారిందే చేను సర్దేసుకుంటే రాదు. ముందు ఫొటోలు: విరిగిన పందిరి కర్రలు, లద్దె, అడుగుజాడ పక్కన ఒక చెప్పు పెట్టి తీయండి, సైజు తెలుస్తుంది. తారీఖు, లొకేషన్ పడాలి. ఆ రోజే అటవీ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. పంచనామాకు వచ్చినప్పుడు పాస్‌బుక్, అడంగల్, ఆధార్, బ్యాంకు పుస్తకం దగ్గరుంచమనండి. రేటు జీవోను బట్టి మారుతుంది, రేంజ్ ఆఫీసులో ఆ కాపీ అడగడానికి మొహమాటపడక్కర్లేదు. గుంపు మళ్లీ దిగితే టపాకాయలతో ఊరంతా వెంటపడటం కాకుండా అటవీ శాఖ వాళ్లకే చెప్పండి, 2025 మేలో కర్ణాటక ఆంధ్రాకు ఇచ్చిన నాలుగు కుంకీలు (అడవి ఏనుగులను తరమడానికి తర్ఫీదిచ్చిన ఏనుగులు) మీకు దగ్గర్లోనే, ముసలిమడుగు క్యాంపులో ఉన్నాయి.

మీ కేసులో చిక్కల్లా ఆ కౌలు ఎకరం. పాస్‌బుక్ చిన్నాన్న పేరున ఉంది కాబట్టి కాగితం లేకపోతే డబ్బు ఆయన ఖాతాకే పోయే ప్రమాదముంది. 2019 చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు కార్డు తీసుకోండి, దానికి ఆయన సంతకం కావాలి. కార్డు 11 నెలలే చెల్లుతుంది, భూమి మీద ఆయన హక్కు ఎక్కడికీ పోదని ముందే చెప్పండి, చాలామంది అన్నదమ్ములు సంతకానికి జంకేది ఆ ఒక్క భయంతోనే.