బ్యాటరీ డ్రిల్లు గ్యారంటీ: బావమరిది వాడినంత మాత్రాన హక్కు పోతుందా?

సందేహం: మాది కావలి. ఇంట్లో అలమరలకు, పరదాల కడ్డీలకు రంధ్రాలు వేసుకుందామని నాలుగు నెలల క్రితం మా ఊళ్లోని హార్డ్‌వేరు దుకాణంలో 2,600 రూపాయలకు బ్యాటరీతో నడిచే చిన్న డ్రిల్లింగ్ మిషన్ కొన్నాను. పెట్టె మీద ఏడాది గ్యారంటీ అని ఉంది. ఇప్పుడు రాత్రంతా ఛార్జింగు పెట్టినా అయిదు నిమిషాలకే ఆగిపోతోంది, ఛార్జింగులో బాగా వేడెక్కుతోంది. దుకాణదారు ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న చీటీలోని మాట చూపిస్తున్నాడు. వడ్రంగి పని చేసే మా బావమరిది దాన్ని రెండు రోజులు తన పనికి తీసుకెళ్లాడు గనుక వ్యాపారానికి వాడినట్లేననీ, గ్యారంటీ చెల్లదనీ, కావాలంటే చెన్నై సర్వీసు సెంటరుకు వెళ్లమనీ అంటున్నాడు. నా దగ్గర ‘ఎస్టిమేటు’ అని రాసిన చీటీ తప్ప బిల్లు లేదు. ఇంత చిన్న మొత్తానికి కేసు వేయవచ్చా?

సమాధానం: వేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుకు కనీస మొత్తం అంటూ ఏదీ లేదు. కొన్న వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము కూడా చెల్లించనక్కరలేదు.

ముందుగా మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్న బావమరిది విషయం చూద్దాం. తిరిగి అమ్మడానికో, వాణిజ్య ప్రయోజనానికో కొన్నవారిని చట్టంలోని 2(7) సెక్షన్ వినియోగదారుగా పరిగణించదు. అయితే ఆ వస్తువును ఏ ఉద్దేశంతో కొన్నారన్నదే అక్కడ ప్రశ్న, ఆ తర్వాత ఎవరో ఒకరు ఒకటి రెండు రోజులు వాడుకున్నారా అన్నది కాదు. కొన్నవారి అనుమతితో వాడేవారిని కూడా అదే సెక్షన్ వినియోగదారుల్లో చేర్చింది. పైగా, సొంతంగా పని చేసుకుని పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువు వాడకం వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టమే వివరణ ఇచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ అంశాన్ని విస్తారంగా చర్చించింది. కాబట్టి మీ బావమరిది తానే కొనుక్కుని వాడినా, ఆయన వినియోగదారు అయ్యేవాడే.

గ్యారంటీ కార్డులో ‘ఇంటి వాడకానికి మాత్రమే’ అన్న షరతు ఉంటే అది వేరే సంగతి, దాన్ని తేలికగా తీసుకోవద్దు. ఎదుటివారు ఆ షరతు చూపిస్తారు. అప్పుడు కూడా, ఆ రెండు రోజుల వాడకం వల్లనే బ్యాటరీ పాడైందని ఆధారంతో చెప్పవలసింది వారు, నోటిమాట చాలదు. మీరు మాత్రం ఆ వాడకాన్ని దాచకండి. నోటీసులో మీరే ముందుగా ఒక వాక్యంలో చెప్పేస్తే, తర్వాత దాన్ని బయటపెట్టి మీ మాట మీద నమ్మకం పోగొట్టే అవకాశం వారికి ఉండదు.

నన్ను అంతకంటే ఎక్కువగా ఆలోచింపజేసినది మీరు రాసిన ‘రాత్రంతా’ అన్న మాట. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఎన్ని గంటలు ఛార్జింగు పెట్టమన్నారో, దేనికి రంధ్రాలు వేయవచ్చన్నారో చూడండి. తక్కువ ధర డ్రిల్లుల్లో చాలావాటికి హ్యామర్ ఉండదు. అవి చెక్కకూ పలుచని రేకుకూ సరిపోతాయి గానీ, పరదా కడ్డీ బిగించే చోట కిటికీ పైనుండే కాంక్రీటు లింటెల్‌కు సరిపోవు. తప్పుగా వాడారన్న వాదన వచ్చేది ఇక్కడే. ఒకవేళ గోడ పనికే కావాలని మీరు అడిగితే, పనికొస్తుందని చెప్పి దుకాణదారు ఇచ్చి ఉంటే, వస్తువు ఉపయోగం గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. ఆ మాట విన్నవారు ఎవరైనా ఉంటే వారి అఫిడవిట్ పనికొస్తుంది.

‘వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర లోపమున్న సరుకుకు వర్తించదు. బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెప్పింది. మీకు నాలుగు నెలలు దాటాయి గనుక ఆ 30 రోజుల నిబంధనను పట్టుకోకండి. గ్యారంటీ గడువులో బయటపడిన లోపం అన్న ఆధారం మీదనే నిలబడండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతే. యూపీఐలో చెల్లించి ఉంటే ఆ వివరం, చీటీ, పెట్టె మూడూ కలిపితే కొనుగోలు రుజువవుతుంది. డబ్బా చించి పారేయకండి, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదుల ఫోన్ నంబరు దాని మీదనే ఉండాలని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి.

చెన్నైకి తిరగనక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసే వెసులుబాటు 2019 చట్టంలోని 34వ సెక్షన్‌లో ఉంది, అంటే మీకు నెల్లూరులోని జిల్లా కమిషన్. దుకాణదారునీ, పెట్టె మీద పేరున్న కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరు మరొకరి మీదికి నెట్టుకుంటారు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా చిన్న తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపి, అందినట్లు రుజువు దాచుకోండి. ఫిర్యాదును వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ అయిన ఇ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. లోపం తెలిసినప్పటి నుంచి 2 సంవత్సరాలు గడువున్నా, గ్యారంటీ నడుస్తుండగానే కదలండి.

కమిషన్ లోపం సరిచేయమనో, మార్చి ఇవ్వమనో, ధర తిరిగి చెల్లించమనో ఆదేశించగలదు, నష్టపరిహారం కూడా ఇప్పించగలదు. 2,600 రూపాయల వస్తువుకు లక్షలు అడిగితే అసలు ఫిర్యాదే పలుచబడుతుంది. ధర, ఖర్చులు, కొద్దిపాటి పరిహారం అడగండి. వస్తువును పరీక్షకు ప్రయోగశాలకు పంపవలసి వస్తే ఆ రుసుము ముందుగా మిమ్మల్నే కట్టమంటారు, అది మిషన్ ధరను మించవచ్చు. అందువల్ల అక్కడిదాకా పోకుండా, పూర్తిగా ఛార్జింగు అయిన దగ్గర నుంచి ఆగిపోయే వరకు గడియారం కనిపించేలా ఇప్పుడే వీడియో తీసి పెట్టుకోండి. అదే రకం బ్యాటరీ మరొకటి తెచ్చి వేస్తే మిషన్ సరిగా నడుస్తోందేమో కూడా చూపించండి.

ఊళ్లో ఎవరైనా సెల్స్ మార్చి బాగుచేస్తామన్నా ఆ బ్యాటరీని విప్పించకండి, విప్పితే లోపం ఎవరిదో తేల్చడం కష్టమవుతుంది. వేడెక్కుతున్నదన్నారు గనుక వీడియో తీసుకున్నాక ఇక ఛార్జింగు పెట్టకుండా, పిల్లలకు అందని పొడి చోట, మంటకు దూరంగా ఉంచండి.